సూది ఆపిన తర్వాతి నెలలు

(వ్యాయామశాలల శిక్షకులు, యువకులు పాల్గొన్న సమావేశంలో ఒక ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల వైద్యురాలు, చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచినవారు "స్టెరాయిడ్లు వాడవద్దని మా పిల్లలకు గట్టిగా చెప్పండి" అన్నారు. ఆ మాట మీరు ఇంట్లో వింటూనే ఉన్నారు, పత్రికల్లో చదువుతూనే ఉన్నారు. ఈ గంటలో నేను ముఖ్యంగా మాట్లాడాలనుకున్నది ఇప్పటికే వాడినవారితో. ఆపేసి, ఆ తర్వాత తమకు ఏమవుతోందో అర్థంకాక నిద్రపట్టని వారితో. ఆపాలని ఉన్నా, ఆపితే ఏమైపోతానో అన్న భయంతో మరో సీసా కొంటున్నవారితో. అలాంటివారు ఈ హాలులో ఉన్నారని నాకు తెలుసు. చేతులు ఎత్తమని అడగను. మీ మీద నాకు కోపం లేదు. ఆపిన మొదటి నెలల్లో మీ పక్కన సరైన మనిషి లేకుండా పోతున్నారే అన్న బాధ మాత్రం చాలా ఉంది.

ముందుగా ఒక గందరగోళం తొలగించాలి, ఎందుకంటే దీనివల్ల ప్రాణాలు పోయే ప్రమాదం ఉంది. స్టెరాయిడ్ అనే ఒకే పేరుతో రెండు వేర్వేరు రకాల మందులు ఉన్నాయి. ఆస్తమాకు, కీళ్లవాతానికి, కొవిడ్ రోజుల్లో ఆక్సిజన్ తగ్గినవారికి ఇచ్చిన ప్రెడ్నిసొలోన్, డెక్సామెథసోన్ ఒక రకం. ఇవి మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథుల హార్మోనును పోలినవి. కండలు పెంచవు, ఎక్కువ కాలం వాడితే కండను కరిగిస్తాయి. డాక్టరు రాసిన ఈ మాత్రలను నెలల తరబడి వాడుతున్నవారు నా ప్రసంగం విని రేపటి నుంచి మానేయకూడదు. వాటిని ఒక్కసారిగా ఆపితే రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది, మెల్లగా తగ్గించాలి. నేను మాట్లాడబోయేది రెండో రకం గురించి, అంటే మగ హార్మోను, దాన్ని పోలిన కండలు పెంచే మందుల గురించి. టెస్టోస్టిరాన్, నాండ్రొలోన్, స్టానొజొలాల్, మెథాన్‌డియెనోన్, ట్రెన్‌బొలోన్. మీ భాషలో టెస్ట్, డెకా, విన్‌స్ట్రాల్, డీబాల్, ట్రెన్.

టెస్టోస్టిరాన్‌ను 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎర్నెస్ట్ లకూర్ బృందం ఎద్దు వృషణాల నుంచి శుద్ధరూపంలో వేరుచేసింది. అదే సంవత్సరం బుటెనాంట్, రుజిచ్కా వేర్వేరుగా దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. 1939 రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి వారిద్దరికీ దక్కింది. అప్పటి నుంచి ఈ అణువుకు చిన్న చిన్న మార్పులు చేసి మాత్రలుగా, నూనె ఇంజెక్షన్లుగా ఎన్నో తయారయ్యాయి. పేరు ఏదైనా, సీసా మీద బొమ్మ ఏదైనా, మెదడు వాటన్నిటినీ ఒకే విధంగా చదువుతుంది: రక్తంలో మగ హార్మోను కావలసినదానికంటే ఎక్కువగా ఉంది, ఇక మనం తయారు చేయనక్కర్లేదు.

ఈ తయారీ ఎలా జరుగుతుందో కొంచెం ఓపికగా వినండి. ఇది అర్థమైతే తర్వాత నేను చెప్పేదంతా మీకు మీరే ఊహించగలరు. మెదడు అడుగున హైపోథాలమస్ అనే చిన్న భాగం ఉంది. అది గంటకో, రెండు గంటలకో ఒకసారి ఒక చిన్న రసాయన సంకేతాన్ని వదులుతుంది. దాని పేరు జీఎన్ఆర్‌హెచ్. ఆ సంకేతం అందగానే దాని కిందనే ఉన్న పీయూష గ్రంథి రక్తంలోకి ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను పంపుతుంది. ఎల్‌హెచ్ వృషణాల్లోని లేడిగ్ కణాలకు చేరి టెస్టోస్టిరాన్ తయారు చేయిస్తుంది. ఎఫ్ఎస్‌హెచ్ సెర్టోలి కణాలకు చేరి వీర్యకణాల తయారీని నడుపుతుంది. తయారైన టెస్టోస్టిరాన్‌లో కొంత భాగం ఈస్ట్రోజన్‌గా మారుతుంది. ఈ రెండూ రక్తంలో తిరుగుతూ మెదడుకు చేరి, ఇక చాలు అని చెబుతాయి. మగవారి శరీరంలో ఈస్ట్రోజన్ ఏమిటని ఆశ్చర్యపోకండి. మీ ఎముకల బలానికి అది కావాలి, మెదడుకు ఈ కబురు అందించడంలోనూ దానిదే పెద్ద పాత్ర.

ఆ సంకేతం విడతలు విడతలుగా రావడం చాలా ముఖ్యం. 1970లలో అమెరికాలో ఎర్నెస్ట్ నోబిల్ కోతుల మీద చేసిన ప్రయోగాల్లో ఒక విచిత్రం బయటపడింది. జీఎన్ఆర్‌హెచ్‌ను గంటకొకసారి కొద్దిగా ఇస్తే పీయూష గ్రంథి చక్కగా పనిచేసింది. అదే మందును ఆపకుండా ధారగా ఇస్తే గ్రంథి పనే మానేసింది. ప్రోస్టేట్ క్యాన్సర్ రోగుల్లో టెస్టోస్టిరాన్‌ను అణచడానికి ఈ రోజు మేము వాడే ఇంజెక్షన్లు ఈ సూత్రం మీదే పనిచేస్తాయి. అంటే ఈ వ్యవస్థకు కావలసింది లయ. బయటి నుంచి బలంగా తోసి దాన్ని నడపలేము.

ఇక సూది పడగానే ఏమవుతుంది? రోజూ బయటి నుంచి క్యారియర్ వచ్చే ఇంట్లో పొయ్యి వెలిగించరు కదా, అలాగే హైపోథాలమస్ సంకేతాలు తగ్గించేస్తుంది. కొన్ని వారాల్లోనే ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ పరీక్షకు అందనంత కిందికి పడిపోతాయి. వృషణాలకు పని ఉండదు, మెత్తబడి కుంచించుకుపోతాయి. మేము వాటిని కొలవడానికి పూసల దండ లాంటి ఒక పరికరం వాడతాం, స్విట్జర్లాండ్ వైద్యుడు ఆండ్రియా ప్రాడర్ పేరుతో పిలుస్తాం. ఆరోగ్యంగా ఉన్న మగవారిలో ఒక్కో వృషణం సుమారు 15 నుంచి 25 మిల్లీలీటర్లు ఉంటుంది. ఏళ్ల తరబడి సైకిళ్లు, అంటే కొన్ని వారాలపాటు వరుసగా మందు వాడే విడతలు, వేసినవారిలో చిన్న పూసల దగ్గరే చేయి ఆగిపోతుంది.

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉంది. రక్తంలో ఉండే టెస్టోస్టిరాన్ వేరు, వృషణం లోపల ఉండే టెస్టోస్టిరాన్ వేరు. వీర్యకణాలు తయారు కావాలంటే లోపల రక్తంలో కంటే ఎన్నో పదుల రెట్లు ఎక్కువ టెస్టోస్టిరాన్ ఉండాలి. అది అక్కడే తయారు కావాలి, సూదితో అక్కడికి చేర్చలేం. అందుకే ఇంజెక్షన్లు తీసుకునే యువకుడి రక్తపరీక్షలో టెస్టోస్టిరాన్ ఆకాశంలో ఉంటుంది, వీర్యపరీక్షలో ఒక్క కణమూ ఉండకపోవచ్చు. వీర్యం పరిమాణం మాత్రం మామూలుగానే కనిపిస్తుంది, ఎందుకంటే అందులో అధిక భాగం వేరే గ్రంథుల నుంచి వస్తుంది. కాబట్టి కంటికి తేడా తెలియదు.

టెస్టోస్టిరాన్‌ను మగవారి గర్భనిరోధక సాధనంగా పరీక్షించారంటే మీరు నమ్ముతారా? ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ పని చేసింది, ఫలితాలు 1990లో వెలువడ్డాయి. ఏడు దేశాల్లోని పది కేంద్రాల్లో 271 మంది ఆరోగ్యవంతులైన మగవారికి వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ ఎనాంథేట్ ఇచ్చారు. వారిలో 157 మందికి వీర్యకణాలు పూర్తిగా సున్నా అయ్యాయి. మీలో కొందరు వారానికి ఎంత వేసుకుంటున్నారో నాకు తెలుసు. ఈ 200 దాని ముందు చాలా చిన్నది.

అదే ప్రయోగాల నుంచి మంచి వార్త కూడా వచ్చింది. అలాంటి 30 అధ్యయనాల్లో పాల్గొన్న 1,549 మంది వివరాలను ఒకచోట చేర్చి 2006లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. మందు ఆపిన తర్వాత వీర్యకణాల సంఖ్య మిల్లీలీటరుకు 2 కోట్లకు తిరిగి చేరడానికి సగం మందికి సుమారు మూడున్నర నెలలు పట్టింది. ఆరు నెలలకు 67 శాతం, ఏడాదికి 90 శాతం, రెండేళ్లకు దాదాపు అందరూ ఆ మెట్టు దాటుతారని వారి లెక్క తేల్చింది. భయంతో కూర్చున్నవారు ఈ అంకెలను గట్టిగా పట్టుకోండి. మన శరీరానికి కోలుకునే శక్తి ఉంది.

కానీ నేను మీకు పూర్తి నిజం చెప్పాలి. ఆ అధ్యయనాల్లోని మగవారు డాక్టర్ల పర్యవేక్షణలో, తెలిసిన మందును, తెలిసిన మోతాదులో, నిర్ణీత కాలం తీసుకున్నారు. జిమ్ములో జరిగేది అది కాదు. ఒకేసారి మూడు నాలుగు మందులు, పైన మాత్రలు, ఎక్కడ తయారైందో తెలియని సీసాలు, ఏళ్ల తరబడి. అందుకే నెదర్లాండ్స్‌లో వైద్యులు హార్లెమ్ అనే అధ్యయనం మొదలుపెట్టి, తమంతట తాము స్టెరాయిడ్లు వాడుతున్న 100 మందిని వెంబడించి చూశారు. వాడమని చెప్పలేదు, వాడుతున్నవారిని పరీక్షించారు. సైకిల్ ముగిసేసరికి నాలుగింట మూడు వంతుల మందికి పైగా వీర్యకణాలు ఉండవలసినదానికంటే తక్కువకు పడిపోయాయి. ఆ తర్వాత చాలామంది కోలుకున్నారు. అయినా మొదట్లో మామూలుగా ఉన్నవారిలో సుమారు పదోవంతు మందికి చివరి పరీక్షల నాటికీ టెస్టోస్టిరాన్ తక్కువగానే ఉంది, మూడోవంతు మందికి వీర్యకణాలు తక్కువగానే ఉన్నాయి.

డెన్మార్క్ వైద్యులు ఇంకా ముందుకు వెళ్లి, వాడకం మానేసి సగటున రెండున్నరేళ్లు గడిచినవారిని పరీక్షించారు. వారిలో పావువంతు కంటే కొంచెం ఎక్కువ మందికి టెస్టోస్టిరాన్ ఇంకా తక్కువగానే ఉంది, అలసట, కోరిక లేకపోవడం లాంటి లక్షణాలూ ఎక్కువగా కనిపించాయి. ఎవరు త్వరగా కోలుకుంటారు, ఎవరికి ఆలస్యమవుతుంది? ఎంత ఎక్కువ కాలం వాడితే, ఎన్ని రకాలు కలిపి వాడితే, వయసు ఎంత పెరిగితే అంత ఆలస్యం. నాండ్రొలోన్ డెకనోయేట్ లాంటివి నూనెలో నిల్వ ఉండి నెలల తరబడి శరీరంలోనే ఉండిపోతాయి. కాబట్టి "ఆపి ఆరు వారాలైంది" అని మీరు లెక్కపెట్టే రోజున, శరీరం దృష్టిలో మీరు ఇంకా పూర్తిగా ఆపనే లేదు.

ఈ కోలుకోవడానికి ఒక వరుస ఉంది. ముందు మందు రక్తం నుంచి పోవాలి. తర్వాత హైపోథాలమస్ మళ్లీ సంకేతాలు మొదలుపెట్టాలి. పీయూష గ్రంథి ఎల్‌హెచ్ వదలాలి. చాలాకాలం ఖాళీగా ఉన్న లేడిగ్ కణాలు ఆ ఎల్‌హెచ్‌కు స్పందించడం నేర్చుకోవాలి. అప్పుడు టెస్టోస్టిరాన్ పెరుగుతుంది. ఆ తర్వాతే వీర్యకణాలు. ఒక వీర్యకణం మొదలై పూర్తి కావడానికే సుమారు 74 రోజులు, బయటికి ప్రయాణించడానికి మరికొన్ని వారాలు. అందుకే మేము మూడు నెలలకొకసారి వీర్యపరీక్ష అడుగుతాం. ప్రతి రెండు వారాలకూ పరీక్ష చేయించుకుని కుంగిపోకండి. ఆ డబ్బు, ఆ దుఃఖం రెండూ వృథా.

ఇప్పుడు నేను అన్నిటికంటే ముఖ్యంగా చెప్పదలచుకున్న విషయానికి వస్తున్నాను. ఈ వరుస పూర్తయ్యేలోపు కొన్ని నెలల ఖాళీ ఉంటుంది. బయటి హార్మోను పోయింది, సొంత హార్మోను ఇంకా రాలేదు. ఆ నెలల్లో మనిషి ఎలా ఉంటాడో మీరు చూసే ఉంటారు. లేవబుద్ధి కాదు. జిమ్ముకు వెళితే పాత బరువు ఎత్తలేడు. భార్య దగ్గరికి వెళ్లాలనిపించదు. ఉదయం లేవగానే రావలసిన అంగస్తంభన రాదు. చిన్న మాటకు కళ్లలో నీళ్లు తిరుగుతాయి, లేదా అంతలేసి కోపం వస్తుంది. అద్దంలో చూసుకుంటే తాను రోజురోజుకూ చిన్నవాడైపోతున్నట్టు కనిపిస్తుంది. కండరాలు ఎంత పెరిగినా చాలదనిపించే ఈ మానసిక స్థితిని హార్వర్డ్ మానసిక వైద్యుడు హారిసన్ పోప్, ఆయన సహచరులు 1990లలో వివరించారు. అది ఉన్నవారికి ఈ నెలలు నరకంగా గడుస్తాయి. కొందరికి బతకాలనిపించదు.

ఈ లోయలోనే ఎక్కువమంది ఓడిపోతున్నారు. లోయ మధ్యలో ఉండగా ఎవరో ఒకరు "ఒక్క సూది వేసుకో, రెండు రోజుల్లో లేస్తావు" అంటారు. లేస్తాడు కూడా. కానీ ఆ సూదితో హైపోథాలమస్ మళ్లీ మూగబోతుంది, గడియారం సున్నాకు వెళుతుంది. అప్పటివరకు గడిపిన మూడు నాలుగు నెలల కష్టం బూడిదలో పోసినట్టే. వాడేవారిలో సుమారు 30 శాతం మంది వదలలేని స్థితికి చేరుకుంటారని పరిశోధకుల అంచనా. వారిని ఆనందం కోసం వాడేవారని అనుకోవడం అన్యాయం. చాలామంది ఈ లోయ భయంతోనే వాడుతున్నారు.

శిక్షకులారా, ఇక్కడే మీతో చేతులు జోడించి ఒక మాట అడుగుతున్నాను. మీ దగ్గరికి వచ్చే కుర్రవాడు రోజూ మిమ్మల్ని చూస్తాడు, నన్ను ఏడాదికొకసారి చూస్తాడేమో. అతను వారం రోజులు రాకపోతే ఫోను చేయండి. వస్తే, పాత బరువులు ఎత్తలేదని అందరి ముందు అనకండి. తక్కువ బరువులతోనైనా వ్యాయామం కొనసాగిస్తే ఉన్న కండలో చాలా భాగం నిలుస్తుంది, మనసు కూడా నిలుస్తుంది. "చచ్చిపోవాలనిపిస్తోంది" అన్న మాట వినిపిస్తే దాన్ని మాటవరసగా తీసుకోకండి. 14416 నంబరుకు ఫోను చేయించండి. అది టెలి మానస్, ప్రభుత్వం నడిపే మానసిక సహాయ సేవ, పగలూ రాత్రీ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇప్పుడు పీసీటీ. సైకిల్ తర్వాత వేసుకునే కిట్ అని మీలో చాలామంది అమ్ముతున్నారో, కొంటున్నారో. ఇందులో ఏముందో విడదీసి చెబుతాను. క్లోమిఫిన్, టమాక్సిఫెన్: ఇవి మెదడులో ఈస్ట్రోజన్ కబురు చేరకుండా అడ్డుపడతాయి. మెదడు హార్మోను తక్కువైందనుకుని ఎల్‌హెచ్ పెంచుతుంది. ఆలోచన సరైనదే, మేమూ కొందరు రోగులకు ఇస్తాం. క్లోమిఫిన్ ఆడవారిలో అండం విడుదల కోసం, టమాక్సిఫెన్ రొమ్ము క్యాన్సర్ కోసం వచ్చిన మందులు. మొదటిదానితో కొందరికి చూపు మసకబారుతుంది, రెండోదానితో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. అసలే స్టెరాయిడ్లతో రక్తం చిక్కబడిన మనిషికి ఈ రెండో ప్రమాదం చిన్నది కాదు. ఇక హెచ్‌సీజీ. ఇది ఎల్‌హెచ్ వేషం వేసి వృషణాలను నేరుగా పనిచేయిస్తుంది. వృషణం లేస్తుంది, టెస్టోస్టిరాన్ వస్తుంది, కానీ ఆ టెస్టోస్టిరాన్ చూసి మెదడు తన సంకేతాన్ని ఇంకా ఆపేస్తుంది. బిడ్డ కోసం ప్రయత్నిస్తున్న మగవారికి మేము దీన్ని లెక్క ప్రకారం వాడతాం, పనిచేస్తుంది. మెదడును మేల్కొల్పడానికని దుకాణంలో కొని వేసుకుంటే జరిగేది దానికి వ్యతిరేకం. ఈస్ట్రోజన్‌ను అణచే అనాస్ట్రొజోల్ లాంటివి అయితే ఎముకలకు చేటు.

మరి ఈ కిట్లు కోలుకోవడాన్ని త్వరగా తెస్తాయా? నేను చెప్పిన హార్లెమ్ అధ్యయనంలో పీసీటీ వాడినవారికీ వాడనివారికీ గ్రంథుల కోలుకోవడంలో తేడా కనిపించలేదు. కొందరు వైద్యులకు తమ రోగుల్లో లక్షణాలు తగ్గాయన్న అనుభవం ఉంది, ఆ లోయ లోతు తగ్గించడానికి వాడవచ్చని వారి అభిప్రాయం. నా అభిప్రాయం ఇది: కొందరికి అవసరం పడుతుంది, పరీక్షలు చూసి, ఎంత కాలమో ముందే నిర్ణయించి, డాక్టరు ఇవ్వాలి. "సైకిల్ ఎంత వేసినా పర్వాలేదు, పీసీటీ ఉంది కదా" అన్న ధైర్యం మాత్రం అబద్ధం. ఆ ధైర్యమే రెండో సైకిల్‌ను, మూడో సైకిల్‌ను వేయిస్తోంది.

రాష్ట్రస్థాయి, జాతీయస్థాయి పోటీలకు వెళ్లేవారికి ఇంకొకటి. క్లోమిఫిన్, టమాక్సిఫెన్, మగవారికి హెచ్‌సీజీ, ఇవన్నీ ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నిషేధ జాబితాలో ఉన్నాయి. కిట్‌తోనూ మీరు పట్టుబడతారు.

అశ్వగంధ, శిలాజిత్ పేర్లతో వచ్చే బూస్టర్ల గురించి ఎక్కువ చెప్పను. నిద్రపోయిన హైపోథాలమస్‌ను అవి లేపుతాయని చూపిన ఆధారం లేదు, కొందరిలో అశ్వగంధతో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. మెఫెంటెర్మిన్ గురించి మాత్రం ఒక్క మాట. తెలంగాణలో ఔషధ నియంత్రణ అధికారులు జిమ్ముల చుట్టూ ఈ ఇంజెక్షన్లు పట్టుకున్న వార్తలు మీరు చదివారు. అది హార్మోను కాదు. ఆపరేషన్ బల్ల మీద మత్తు ఇచ్చాక రోగి రక్తపోటు పడిపోతే పెంచడానికి ఇచ్చే మందు. స్టెరాయిడ్లతో గుండె కండరం మందమైన యువకుడు దాన్ని వేసుకుని బరువు ఎత్తితే ఏమవుతుందో ఊహించడానికే నాకు భయం వేస్తుంది.

ఇక పరీక్షలు. టెస్టోస్టిరాన్ ఉదయం ఎక్కువగా, సాయంత్రం తక్కువగా ఉంటుంది. ఎనిమిది, పది గంటల మధ్య, పరగడుపున రక్తం ఇవ్వాలి. తక్కువ వస్తే ఇంకో రోజు మళ్లీ చేయాలి, ఒక్క కాగితం చూసి జీవితం నిర్ణయించుకోకూడదు. దాంతోపాటు ఎల్‌హెచ్, ఎఫ్ఎస్‌హెచ్ తప్పనిసరి. టెస్టోస్టిరాన్ తక్కువ, ఎల్‌హెచ్ కూడా తక్కువ అంటే మెదడు ఇంకా మేల్కోలేదు, ఎదురుచూడాలి. ఎల్‌హెచ్ బాగా పెరిగినా టెస్టోస్టిరాన్ తక్కువగానే ఉందంటే కష్టం వృషణాల్లో ఉంది, దారి వేరు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడకుండా "టెస్టోస్టిరాన్ తక్కువ ఉంది, ఇంజెక్షన్ వేద్దాం" అనేవారి దగ్గర నుంచి లేచి వచ్చేయండి. మాత్రలు వాడినవారికి టెస్టోస్టిరాన్‌ను మోసే ప్రోటీన్ తగ్గిపోయి మొత్తం అంకె తక్కువగా కనిపిస్తుంది, ఆ సంగతి కూడా మేము చూసుకోవాలి. రక్తంలో ఎర్రకణాల శాతం, కాలేయం, కొలెస్ట్రాల్, రక్తపోటు, అవసరమైతే గుండె ఎకో. హార్మోను కోసం వచ్చిన మనిషిలో ముందుగా చికిత్స చేయవలసింది రక్తపోటే కావడం అరుదు కాదు.

పెళ్లయినవారి గురించి మాట్లాడకుండా వెళ్లలేను. మన ఇళ్లలో రెండేళ్లు గడిచి బిడ్డ లేకపోతే పరీక్షలు ముందు ఎవరికి చేయిస్తారు? అమ్మాయికి. ఆమెను స్కానింగుల చుట్టూ, గుళ్ల చుట్టూ తిప్పుతారు, అత్తవారింట మాటలు పడుతుంది. భర్త ఆరడుగులు, ఛాతీ విశాలం, అతనిలో లోపం ఉంటుందని ఎవరికీ తోచదు. అతనికి మాత్రం తెలుసు తానేం వాడాడో, కానీ ఈ రెండింటికీ సంబంధం ఉందని తెలియక మౌనంగా ఉంటాడు. లేదా తెలిసీ ఉంటాడు. మీలో ఒక్కరైనా ఆ స్థితిలో ఉంటే ఈ వారంలోనే వీర్యపరీక్ష చేయించుకోండి. ఆమె మీద పడుతున్న నింద ఆపడం మీ చేతిలో ఉంది. కారణం ఇదేనని తెలిస్తే చికిత్సకు దారి ఉంది. ఆపడం, ఎదురుచూడడం, అవసరమైతే హెచ్‌సీజీ, ఎఫ్ఎస్‌హెచ్ ఇంజెక్షన్లు. బిడ్డ కావాలనుకునే మగవారికి టెస్టోస్టిరాన్ మొదలుపెట్టవద్దని అంతర్జాతీయ మార్గదర్శకాలే చెబుతున్నాయి. తక్కువ ఉందని టెస్టోస్టిరాన్ రాసే డాక్టరును "నాకు పిల్లలు కావాలి, ఇది వేసుకోవచ్చా" అని తప్పక అడగండి.

కొందరికి సొంత హార్మోను పూర్తిగా తిరిగి రాదు. అది నేను దాచను. రెండేళ్లు ఆగినా, అన్నీ సరిచేసినా అంకె లేవకపోతే, లక్షణాలు ఉంటే, అప్పుడు డాక్టరు పర్యవేక్షణలో తగిన మోతాదులో టెస్టోస్టిరాన్ ఇవ్వడం న్యాయమైన చికిత్సే. అది ఓటమి కాదు. కానీ ఆ నిర్ణయం ఆరో వారంలో, జిమ్ములో తీసుకునేది కాదు.

నా మాటలు ఇక్కడ ఆపుతాను. ప్రశ్నలు అడగండి.

(సభ నుంచి: మేడమ్, ఆపాక కండలన్నీ పోతాయా?)

కొంత పోతుంది. మందుతో నీరు పట్టి ఉబ్బిన భాగం మొదటి వారాల్లోనే పోతుంది, అది చూసి చాలామంది హడలిపోతారు. వ్యాయామం, ప్రోటీన్, నిద్ర నిలబెట్టుకుంటే శ్రమతో పెరిగిన కండలో మంచి భాగం మిగులుతుంది. నిద్రను తేలిగ్గా తీసుకోకండి. టెస్టోస్టిరాన్ తయారీలో పెద్ద భాగం నిద్రలోనే జరుగుతుంది. రాత్రి రెండు వరకు ఫోను చూస్తూ, ఉదయం ఐదింటికి జిమ్ముకు వెళ్లే అలవాటు ఈ నెలల్లో మానుకోవాలి. మద్యం కూడా.

(సభ నుంచి: నాకు ఛాతీ దగ్గర గడ్డలా వచ్చింది. ఆపితే తగ్గుతుందా?)

కొత్తగా వచ్చి నొప్పిగా ఉంటే మందులతో తగ్గే అవకాశం ఉంది, ఆలస్యం చేయకుండా రండి. ఏడాది దాటి గట్టిపడితే మందుకు లొంగదు, చిన్న శస్త్రచికిత్స అవసరమవుతుంది. ఒకవైపే ఉండి రాయిలా గట్టిగా ఉంటే, చనుమొన నుంచి రక్తం వస్తే మాత్రం ఇంకేమీ ఆలోచించకుండా వెంటనే చూపించాలి.

(సభ నుంచి: ఒక్కసారిగా ఆపాలా, మెల్లగా తగ్గించాలా?)

నేను మొదట చెప్పిన ప్రెడ్నిసొలోన్ రకాన్ని మెల్లగా తగ్గించాలి. ఈ రెండో రకాన్ని ఆపడం వల్ల అలాంటి ప్రాణాపాయం లేదు, ఎక్కువ కాలం పనిచేసే నూనె ఇంజెక్షన్లు వాటంతట అవే మెల్లగా తగ్గుతాయి. ఏళ్ల తరబడి వాడినవారు, గతంలో కుంగుబాటు ఉన్నవారు మాత్రం ఆపే ముందే డాక్టరును కలవండి. లోయలోకి దిగే రోజున పక్కన మనిషి ఉండేలా చూసుకోవచ్చు.

(సభ నుంచి: డాక్టరుకు అన్నీ చెబితే ఇంట్లో చెప్పేస్తారని భయం.)

చెప్పం. రోగి చెప్పింది గోప్యంగా ఉంచడం మా వృత్తి ధర్మం. మీ ప్రాణానికి ముప్పు ఉందని తోస్తే మాత్రం మీతో మాట్లాడి, మీకు నమ్మకమున్న ఒకరిని పిలిపిస్తాం. మీరు దాచితే నష్టం మీకే. మీ ఎల్‌హెచ్ సున్నా చూసి నేను మెదడులో గడ్డ ఉందేమో అని ఎంఆర్ఐ రాస్తాను, మీకు వేల రూపాయల ఖర్చు, వారాల ఆందోళన. వచ్చేటప్పుడు ఏం వాడారో, ఎప్పుడు మొదలుపెట్టారో, చివరి సూది ఏ తేదీన వేసుకున్నారో ఒక కాగితం మీద రాసుకుని రండి. మిగిలిన సీసాలు, మాత్రల స్ట్రిప్పులు పారేయకుండా సంచిలో వేసి తీసుకురండి. ఉదయం ఎనిమిదింటికి, ఏమీ తినకుండా.